భర్త డాలస్‌లో, భార్య హైదరాబాద్‌లో: 2025 అమెరికా రిటర్న్ ఉమ్మడిగా వేయాలా, విడివిడిగానా?

ప్రశ్న క్లుప్తంగా: భర్త 2022 నుంచి హెచ్-1బీ మీద డాలస్‌లో ఉన్నారు, జీతం 1,30,000 డాలర్లు. 2025లో పెళ్ళయింది. భార్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, 2025లో అమెరికాలో అడుగు పెట్టలేదు. 'మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ' నొక్కితే విడిగా వేసినదానికంటే దాదాపు 8,770 డాలర్లు తక్కువ పన్ను అని సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. అలా వేయొచ్చా?

వేయొచ్చు. కానీ సాఫ్ట్‌వేర్ చూపించిన ఆ అంకె నమ్మదగ్గది కాదు, ఎందుకంటే అందులో భార్య హైదరాబాద్ జీతం లేదు. ఉమ్మడిగా వేస్తే ఆమెకు ప్రపంచంలో ఎక్కడ ఏ ఆదాయం వచ్చినా, జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా మొత్తం చూపించాలి. జీతం, ఎఫ్‌డీ వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ, మ్యూచువల్ ఫండ్లు, ఇంటి అద్దె, అన్నీ. ఇవి కలిపాక కూడా చాలామందికి ఉమ్మడి రిటర్నే లాభం. అయితే ఎంత లాభం, దాని వెంట ఏ బాధ్యతలు వస్తాయి అన్నది ముందే లెక్కేసుకోవాలి.

ముందు ఎవరు ఏ హోదాలో ఉన్నారో తేల్చుకోండి. పెళ్ళి ఏ నెలలో అయినా డిసెంబర్ 31 నాటికి దంపతులైతే ఆ ఏడాదంతా దంపతులే, ఇక 'సింగిల్'గా వేయడానికి లేదు. భర్త సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్ (అమెరికాలో ఉన్న రోజులు లెక్కేసే 183 రోజుల పరీక్ష) ప్రకారం రెసిడెంట్. భార్య నాన్‌రెసిడెంట్. ఇలా ఒకరు రెసిడెంట్, ఒకరు కానప్పుడు ఆమెను కూడా ఏడాది మొత్తానికి రెసిడెంట్‌గా లెక్కించమని కోరే వీలు అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 6013(జీ) ఇస్తుంది. ఇలా కోరడాన్నే 'ఎన్నిక' అంటారు. 6013(హెచ్) అనే ఇంకో సెక్షన్ ఉంది, అది ఏడాది మొదట్లో నాన్‌రెసిడెంట్‌గా ఉండి చివరికి రెసిడెంట్ అయినవారికి. ఈ తేడా తేదీలతోనే తెలుస్తుంది. భార్య హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవారి జీవిత భాగస్వామి వీసా) మీద జులై 2న దిగి డిసెంబర్ 31 దాకా కదలకుండా ఉంటే సరిగ్గా 183 రోజులు, ఆమె రెసిడెంట్ అవుతారు, 6013(హెచ్) వర్తిస్తుంది. అంతకుముందు రెండేళ్ళలో అమెరికా రాకుండా అక్టోబర్‌లో దిగితే ఆ ఏడాదికి ఆమె నాన్‌రెసిడెంటే, 6013(జీ) వాడాలి.

భర్త అదే ఏడాది అక్టోబర్ 1న ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారినవారైతే కథ వేరు. విద్యార్థిగా ఉన్న రోజులు ఐదు క్యాలెండర్ సంవత్సరాల దాకా లెక్కలోకి రావు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉన్నవి 92 రోజులే కాబట్టి ఆయన కూడా నాన్‌రెసిడెంట్. ఇద్దరూ నాన్‌రెసిడెంట్లైతే ఉమ్మడి రిటర్న్ తలుపు మూసుకున్నట్టే. 'ఫస్ట్ ఇయర్ ఛాయిస్' (తొలి ఏడాదే రెసిడెంట్‌గా లెక్కించమని కోరే వీలు) ద్వారా దాన్ని తెరవొచ్చు. కానీ తర్వాతి ఏడాదిలో ఆయన 183 రోజుల పరీక్ష దాటేదాకా రిటర్న్ వేయకూడదు, అందుకని ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోవాలి. ఇది తెలియక ఫిబ్రవరిలోనే ఉమ్మడిగా వేసేసి, తర్వాత సవరించుకోవాల్సి వచ్చేవాళ్ళు ఎక్కువ.

6013(జీ)కి ప్రత్యేక ఫారం లేదు. తెల్లకాగితం మీద ఒక ప్రకటన రాసి రిటర్న్‌కు జత చేయాలి: పన్ను సంవత్సరం చివరి రోజున ఒకరు రెసిడెంట్, మరొకరు నాన్‌రెసిడెంట్ ఏలియన్ అనీ, ఏడాది మొత్తానికి ఇద్దరినీ అమెరికా రెసిడెంట్లుగా పరిగణించమని కోరుతున్నామనీ, ఇద్దరి పేర్లు, చిరునామాలు, గుర్తింపు సంఖ్యలతో. ఇద్దరూ సంతకం చేయాలి. ఒకసారి పెట్టాక అది ఏటా తిరిగి పెట్టనక్కర్లేకుండా కొనసాగుతుంది. రద్దు చేసుకుంటే మాత్రం మళ్ళీ జీవితంలో ఆ ఇద్దరిలో ఎవరికీ ఈ అవకాశం ఉండదు. ఇది వీసా మీద, ఇమ్మిగ్రేషన్ హోదా మీద ప్రభావం చూపదు. ఆమె హైదరాబాద్ జీతం మీద అమెరికా సోషల్ సెక్యూరిటీ పన్నూ పడదు.

ఇక లెక్క. 2025కి ఉమ్మడి స్టాండర్డ్ డిడక్షన్ 31,500, విడిగా అయితే 15,750. భర్త ఒక్కరే విడిగా వేస్తే 1,14,250 డాలర్ల మీద పన్ను 20,267. భార్య ఆదాయం సున్నా అనుకుని ఉమ్మడిగా వేస్తే 98,500 మీద 11,498. సాఫ్ట్‌వేర్ చూపించిన 8,769 తేడా ఇదే. ఇప్పుడు ఆమె జీతం కలపండి. లెక్క సులువు కోసం డాలర్ 85 రూపాయలు అనుకుందాం (అసలు రిటర్న్‌లో ఆ ఏడాది సగటు మారకపు రేటు వాడాలి). 12 లక్షల జీతం అంటే 14,118 డాలర్లు. అది భర్త జీతం మీద పేరుకుని 22 శాతం శ్లాబులో పడుతుంది, ఉమ్మడి పన్ను 14,604 అవుతుంది. ఇండియాలో కట్టిన పన్నును మినహాయించుకోవచ్చు కదా అనొచ్చు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12.75 లక్షల దాకా జీతానికి ఇండియాలో పన్నే లేదు. కట్టని పన్నుకు క్రెడిట్ రాదు. ఇండియా వదిలేసిన పన్ను అమెరికాకు పోతుందన్నమాట.

ఇక్కడ ఫారం 2555 ఉపయోగపడుతుంది. విదేశంలో పనిచేసి సంపాదించిన జీతాన్ని 2025కి 1,30,000 డాలర్ల దాకా ఆదాయంలోంచి తీసేసే ఫారం ఇది. రెసిడెంట్‌గా పరిగణించబడిన భార్యకు కూడా వర్తిస్తుంది. వరసగా ఏ 12 నెలల కాలంలోనైనా 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉండి, ఉద్యోగ స్థానం ఇండియాలోనే ఉంటే చాలు. అయితే 14,118 తీసేశాం కాబట్టి పన్ను తిరిగి 11,498కి దిగుతుందని అనుకోకండి. తీసేసిన జీతాన్ని అడుగు శ్లాబులో పెట్టి లెక్కేస్తారు: మొత్తం ఆదాయం మీద పన్ను 14,604, అందులోంచి 14,118 మీద 10 శాతం చొప్పున 1,412 తీసేస్తే 13,192. అంటే ఆమె జీతం మీద ఆదా అయింది 22 శాతం కాదు, 10 శాతమే. అయినా విడి రిటర్న్ కంటే 7,075 డాలర్లు తక్కువ.

జీతం పెరిగితే ఫారం 1116, అంటే ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్, ముందుకొస్తుంది. 30 లక్షల జీతానికి కొత్త విధానంలో ఇండియా పన్ను సెస్సుతో కలిపి 4,75,800 రూపాయలు, అంటే సుమారు 5,598 డాలర్లు. ఉమ్మడి అమెరికా పన్ను 19,263. క్రెడిట్ మాత్రం విదేశీ ఆదాయం వాటాకు పడే అమెరికా పన్నును మించి రాదు, అది 4,113 దగ్గర ఆగుతుంది. కట్టాల్సింది 15,150. మిగిలిన 1,485 క్రెడిట్‌ను ఒక ఏడాది వెనక్కి, పదేళ్ళు ముందుకు వాడుకోవచ్చు. అదే జీతానికి 2555 వాడితే 15,505 వస్తుంది. కాబట్టి తక్కువ జీతానికి 2555, ఎక్కువ జీతానికి 1116 అన్నది మంచి మొదటి అంచనా. రెండూ వేసి చూసి తేల్చుకోండి. ఒకసారి 2555 ఎంచుకుని, తర్వాతి ఏడాది అదే జీతం మీద క్రెడిట్ తీసుకుంటే 2555ను వదులుకున్నట్టే లెక్క. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) అనుమతి లేకుండా ఐదేళ్ళు మళ్ళీ అది దొరకదు. ఒకే జీతానికి రెండూ వాడటం అసలు కుదరదు. వడ్డీ, అద్దె, డివిడెండ్లకు 2555 వర్తించదు, వాటికి 1116 మాత్రమే. జీతానికి 'జనరల్', వడ్డీకి 'పాసివ్' అని వేరువేరు 1116లు నింపాలి.

ఏడాది మధ్యలో అమెరికా వచ్చినా 2555 పూర్తిగా పోదు. 2024 ఆగస్ట్ 1 నుంచి 2025 జులై 31 దాకా ఇండియాలోనే ఉండి ఆ తర్వాత వచ్చినవారికి 2025లో 212 రోజులు అర్హం. పరిమితి 1,30,000లో 212/365 వంతు, అంటే సుమారు 75,507 డాలర్లు. వాళ్ళ ఏడు నెలల జీతానికి అది సరిపోతుంది. పాస్‌పోర్ట్ ముద్రలు, బోర్డింగ్ పాసులు దాచి పెట్టండి, ప్రయాణంలో గడిచిన రోజు పూర్తి రోజు కిందకు రాదు.

ఎక్కువ తప్పులు జరిగేది క్యాలెండర్ దగ్గర. ఇండియా ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి, అమెరికాది జనవరి నుంచి డిసెంబర్. ఒక్క ఫారం 16 చూసి అంకె దించేస్తే తప్పు. 2025 రిటర్న్‌కు జనవరి నుంచి మార్చి జీతం 2024-25 ఫారం 16లోంచి, ఏప్రిల్ నుంచి డిసెంబర్ జీతం 2025-26ది లోంచి రావాలి. పన్నెండు పేస్లిప్పులు కూడడం మేలు. పైన నేను వేసిన లెక్కలు ఏడాదంతా ఒకే చట్టం ఉన్నట్టు అనుకుని వేసినవి. నిజానికి 2025 మొదటి మూడు నెలలకు పాత శ్లాబులు వర్తిస్తాయి, అప్పటి రిబేటు 7 లక్షల దాకానే. కనుక 12 లక్షల జీతానికి ఆ మూడు నెలల్లో కొంత ఇండియా పన్ను పడి ఉంటుంది.

రెండో తప్పు టీడీఎస్‌నే పన్ను అనుకోవడం. క్రెడిట్ వచ్చేది చివరికి ఇండియాకు దక్కిన పన్నుకే గానీ, రీఫండ్‌గా తిరిగొచ్చేదానికి కాదు. భర్త ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్‌ఆర్‌ఐలు ఇండియా ఆదాయం ఉంచుకునే ఖాతా) వడ్డీ మీద బ్యాంకు 31.2 శాతం కోస్తుంది. ఇండియాలో ఆయన మొత్తం ఆదాయం 4 లక్షల లోపైతే ఐటీఆర్-2 వేసి అది మొత్తం వెనక్కి తెచ్చుకోవాలి. ఆ పని చేయకుండా 31.2 శాతాన్నీ 1116లో రాస్తే ఐఆర్‌ఎస్ ఒప్పుకోదు, ఎందుకంటే తిరిగి తెచ్చుకోగలిగీ వదిలేసిన పన్ను తప్పనిసరి పన్ను కాదు. ఇండియా రిటర్న్ గడువు సాధారణంగా జులై 31, అమెరికాది ఏప్రిల్ 15. అందుకే నా సలహా: ఫారం 4868తో పొడిగింపు తీసుకోండి, ఇండియా రిటర్న్ వేసి అసలు పన్ను ఎంతో తేలాక ఆగస్ట్‌లో అమెరికా రిటర్న్ వేయండి. పొడిగింపు కాగితాలకే గానీ డబ్బుకు కాదు. కట్టాల్సినది అంచనా వేసి ఏప్రిల్ 15 లోపు భర్త ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) మీద కట్టేయాలి, లేకపోతే వడ్డీ పడుతుంది.

మ్యూచువల్ ఫండ్ల గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఉమ్మడి రిటర్న్ లాభాన్ని మొత్తం మింగేయగలిగింది ఇదొక్కటే. ఇండియా మ్యూచువల్ ఫండ్ అమెరికా చట్టంలో పీఫిక్, అంటే విదేశీ పాసివ్ కంపెనీ. ఎన్నిక పెట్టిన ఏడాది ఆమె సిప్‌లన్నీ ఆ చట్టం కిందకు వస్తాయి. యూనిట్లు అమ్మితే లాభాన్ని అట్టేపెట్టుకున్న రోజులన్నిటికీ పంచి, పాత సంవత్సరాల వాటాకు అత్యధిక రేటుతో పన్ను, పైన వడ్డీ వేస్తారు. ప్రతి ఫండ్‌కూ ఒక ఫారం 8621. ఆరు ఫండ్లుంటే ఆరు ఫారాలు, ట్యాక్స్ కన్సల్టెంట్లు ఫారానికింత అని తీసుకుంటారు. అమ్మకం గానీ పెద్ద డివిడెండ్ గానీ లేకుండా, ఉమ్మడిగా వేసేవారి పీఫిక్‌ల మొత్తం విలువ ఏడాది చివర 50,000 డాలర్లు దాటకపోతే 8621 నుంచి మినహాయింపు ఉంది. విడిగా వేసేవారికి అది 25,000. నేరుగా కొన్న మామూలు కంపెనీల షేర్లు పీఫిక్ కావు.

ఆమెకు ఫండ్లు పెద్ద మొత్తంలో ఉంటే మొదటి ఏడాది విడిగా వేసి, ఆ ఏడాదిలోనే ఫండ్లు అమ్మేసి, తర్వాతి ఏడాది నుంచి ఉమ్మడికి మారడం చాలాసార్లు మేలు. ఉమ్మడిగా వేసే ఏడాదిలో అమెరికా విమానం ఎక్కకముందే అమ్మాం కదా అంటే చెల్లదు, ఎన్నిక జనవరి 1 నుంచే వర్తిస్తుంది. పీపీఎఫ్ వడ్డీకి, ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఐ ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు గానీ అమెరికాలో ఉంది, రెండూ చూపించాలి. ఇంటి అద్దె మీద ఇండియా ఇచ్చే 30 శాతం తగ్గింపు అమెరికాలో లేదు. దాని బదులు అసలు ఖర్చులు, కట్టడం విలువ మీద డిప్రిసియేషన్ రాసుకోవాలి, 2018 నుంచి అద్దెకిచ్చిన విదేశీ ఇంటికి 30 ఏళ్ళ లెక్కన.

సమాచార ఫారాల్లో రెండిటిని కలగాపులగం చేయకండి. ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేరు, ఫారం 8938 (విదేశీ ఆర్థిక ఆస్తుల వివరాలు) వేరు. విదేశీ ఖాతాల గరిష్ఠ విలువలన్నీ కూడితే ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. ఇది రిటర్న్‌తో వెళ్ళదు, ఫిన్‌సెన్ (ఆర్థిక నేరాలపై నిఘా పెట్టే అమెరికా సంస్థ) వెబ్‌సైట్‌లో విడిగా వేయాలి. ఏప్రిల్ 15 గడువుకు అక్టోబర్ 15 దాకా దానంతటదే పొడిగింపు వస్తుంది. ఎఫ్‌బార్‌కు 6013(జీ) ఎన్నిక లెక్కలోకి రాదు. కాబట్టి హైదరాబాద్‌లోనే ఉన్న భార్య ఒక్కరి పేరునున్న ఖాతాలకు ఆమె ఎఫ్‌బార్ వేయనక్కర్లేదు. భర్త పేరు జాయింట్‌గా ఉన్న ఖాతా అయితే, అందులో డబ్బు మామగారిదే అయినా, భర్త ఎఫ్‌బార్‌లో పూర్తి విలువతో రావాలి. 8938 అలా కాదు. అది రిటర్న్‌తో పాటు వెళ్తుంది, ఎన్నిక పెట్టిన భార్య ఆస్తులూ అందులోకి వస్తాయి. అమెరికాలో ఉండే దంపతులకు ఏడాది చివరన లక్ష డాలర్లు, లేదా మధ్యలో ఎప్పుడైనా లక్షన్నర దాటితే వేయాలి. సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ రెండు చోట్లా వస్తుంది. లాకర్‌లోని బంగారం, ఊళ్ళో పొలం రెండిట్లోనూ రావు.

ఇండియా వైపు ఉమ్మడి రిటర్న్ లేదు, ఎవరిది వాళ్ళదే. కానీ భర్త డబ్బు పంపించి భార్య తన పేరు మీద ఎఫ్‌డీ వేస్తే క్లబ్బింగ్ వస్తుంది. అంటే ఆ వడ్డీని భర్త ఆదాయంలో కలిపి లెక్కిస్తారు. టీడీఎస్ మాత్రం భార్య ప్యాన్ మీద పడుతుంది, ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరున్న వార్షిక ఆదాయ వివరాల్లో) ఆమె పేరున కనిపిస్తుంది, ఇద్దరి రిటర్న్‌లూ పొంతన కుదరవు. ఇంటి ఖర్చులకు పంపే డబ్బుతో ఏ ఇబ్బందీ లేదు. దాచిపెట్టే డబ్బైతే భర్త ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీలో పెట్టడమే సులువు. ఇంకొకటి: ఇండియాలో రెసిడెంట్‌గా ఉన్న భార్య పేరును డాలస్ బ్యాంకు ఖాతాలో జాయింట్‌గా చేర్చిన రోజు నుంచే ఆమె ఇండియా రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి, అదీ క్యాలెండర్ సంవత్సరం లెక్కన. పెళ్ళైన వెంటనే ప్రేమగా చేసే ఈ చిన్న పని చాలామంది రిటర్న్‌లలో కనబడకుండా పోతోంది.

భార్యకు ఎస్‌ఎస్‌ఎన్ ఉండదు కాబట్టి ఐటీఐఎన్ (ఎస్‌ఎస్‌ఎన్ లేనివారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను సంఖ్య) తీసుకోవాలి. దాని దరఖాస్తు ఫారం డబ్ల్యూ-7లో 'ఈ' గడి టిక్ పెట్టి, సంతకాలు చేసిన ఫారం 1040 (అమెరికా రిటర్న్), ఎన్నిక ప్రకటన కలిపి కాగితం మీదే ఆస్టిన్‌లోని ఐటీఐఎన్ విభాగానికి పంపాలి. 1040లో ఆమె సంఖ్య గడి ఖాళీగా వదలండి. ఆ మొదటి ఏడాది ఈ-ఫైల్ కుదరదు. భార్యకు పాస్‌పోర్ట్ ఒక్కటే చాలు. నోటరీ చేయించిన జిరాక్స్ చెల్లదు, అది పెట్టినందుకే దరఖాస్తులు వెనక్కొస్తాయి. ఒరిజినల్ పోస్టులో పంపే బదులు ఐఆర్‌ఎస్ గుర్తించిన సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గర పాస్‌పోర్ట్ చూపించి ధ్రువీకరణ తీసుకోవడం క్షేమం. వాళ్ళ జాబితా దేశాల వారీగా ఐఆర్‌ఎస్ సైట్‌లో ఉంది. హెచ్-4 స్టాంపింగ్ తేదీ దగ్గర పడుతుంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్ అసలు పంపకండి. సంఖ్య రావడానికి ఏడు వారాలు, జనవరి మధ్య నుంచి ఏప్రిల్ చివర దాకా అయితే తొమ్మిది నుంచి పదకొండు వారాలు.

పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉండటం, ప్యాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండటం, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉండటం మామూలే. డబ్ల్యూ-7లోనూ, 1040లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా రాయండి. పెళ్ళి తర్వాత భర్త ఇంటిపేరు పెట్టుకున్నా, పాస్‌పోర్ట్ మారనంత వరకు పుట్టింటి ఇంటిపేరే రాయాలి.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇక్కడితో సరి. కాలిఫోర్నియాలో ఉన్నవారు మాత్రం ఆ రాష్ట్రం 2555ను గానీ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్‌ను గానీ గుర్తించదని తెలుసుకుని రాష్ట్ర లెక్క విడిగా వేసి చూడాలి.

కాగితాలు సమకూరక, గడువు ముంచుకొస్తే తొందరపడి ఉమ్మడిగా వేయకండి. విడిగా వేయండి, భార్య ఎస్‌ఎస్‌ఎన్ గడిలో 'ఎన్‌ఆర్‌ఏ' (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని రాయండి. అసలు గడువు నుంచి మూడేళ్ళ లోపు 1040-ఎక్స్‌తో (సవరణ రిటర్న్‌తో) ఉమ్మడికి మార్చుకుని తేడా రీఫండ్‌గా తెచ్చుకోవచ్చు. ఒకసారి ఉమ్మడిగా వేసి గడువు దాటాక మాత్రం విడిగా మార్చుకోలేరు. ఆమె తర్వాత అమెరికా వచ్చి, హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద ఎస్‌ఎస్‌ఎన్ పొందితే ఆ రోజు నుంచి ఐటీఐఎన్ వాడటం మానేసి, రెండు సంఖ్యలూ ఒకే మనిషివని ఐఆర్‌ఎస్‌కు ఉత్తరం రాయాలి. అప్పుడే ఐటీఐఎన్ మీద ఉన్న పాత రికార్డు కొత్త సంఖ్యకు కలుస్తుంది.